పనుల మధ్య ప్రార్థన వేళ



ఈ మాటలు మీరు ఎక్కడ ఉండి వింటున్నారో నాకు తెలియదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉండవచ్చు. ఆటో నడుపుతూ వింటున్నారేమో. మిషను మీద జాకెట్టు కుడుతూ వింటున్నారేమో. ఏ పనిలో ఉన్నా సరే, ఆపనక్కర్లేదు. చేసుకుంటూనే వినండి. ఈ ప్రసంగం పని తెమలని వాళ్ళ కోసమే.

మన సంఘాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. ఆదివారం ఆరాధన అయిపోతుంది. గుమ్మం దగ్గర పాస్టరుగారు అందరినీ పలకరిస్తూ అడుగుతారు. "ఏమ్మా, రోజూ ప్రార్థన చేసుకుంటున్నావా?" జవాబు చాలాసార్లు ఒకటే. "ఎక్కడ అయ్యగారూ, టైమే దొరకట్లేదు." ఆ మాట అంటూ తల దించుకుంటారు.

అది సాకు అని నేను అనను. నిజంగానే దొరకదు. తెల్లవారుజామున లేచి పంపు దగ్గర నీళ్ళు పట్టుకోవాలి. పిల్లలకు డబ్బాలు కట్టాలి. బస్సు అందుకోవాలి. సాయంత్రం వచ్చేసరికి ఒళ్ళు పులిసిపోయి ఉంటుంది. రాత్రి మంచం మీద కూర్చుని "ప్రభువా" అనేలోపే కళ్ళు మూతలు పడతాయి. మరుసటి రోజు మళ్ళీ ఇదే. ఈ జీవితంలో ప్రార్థనకు సమయం దానంతట అది దొరకదు.

అందుకే ఈ రోజు ముఖ్యంగా ఒకే ఒక్క మాట చెప్పాలని వచ్చాను. ఖాళీ దొరికాక చేద్దాం అనుకున్న ప్రార్థన జరగదు. ముందుగానే ఒక సమయం, ఒక చోటు దానికి ఇచ్చేస్తే జరుగుతుంది. ఆ సమయం చిన్నదైనా ఫర్వాలేదు. ఆ చోటు వంటింటి మూలైనా ఫర్వాలేదు. కానీ అది ముందే ఇచ్చేసినదై ఉండాలి. ఒక సమయం, ఒక చోటు. ఈ రెండు మాటలూ మనసులో పెట్టుకోండి. మళ్ళీ మళ్ళీ వీటి దగ్గరికే వస్తాను.

ఒక చిన్న సంగతి చెబుతాను. 1535వ సంవత్సరం. జర్మనీ దేశంలో విట్టెన్‌బర్గ్ అనే ఊరు. ఆ ఊళ్ళో మార్టిన్ లూథర్ ఉండేవాడు. ఆయనకు పీటర్ అని ఒక పాత స్నేహితుడున్నాడు. పీటర్ వృత్తి క్షౌరం. పొద్దున్నుంచి కత్తి చేతిలో పట్టుకుని నిలబడే మనిషి. అతను లూథర్‌ను అడిగాడు: నాలాంటి మామూలు మనిషి ప్రార్థన ఎలా చేయాలి?

లూథర్ అప్పటికి యూరప్ అంతా పేరున్న మనిషి. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాలి. ఆదివారాలు ప్రసంగించాలి. ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఉత్తరాలకు జవాబులు రాయాలి. అయినా ఆ స్నేహితుడి ప్రశ్నకు నోటిమాటగా ఏదో చెప్పి పంపేయలేదు. అతని కోసం ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. ప్రార్థించడానికి సులువైన దారి ఏదో చెప్పే పుస్తకం అది.

అందులో లూథర్ మొదట తన సంగతే చెబుతాడు. పనుల వల్ల, ఏవేవో ఆలోచనల వల్ల ప్రార్థన మీద మనసు చల్లబడిపోతుంటుందని ఒప్పుకుంటాడు. అప్పుడు ఏం చేస్తాడు? కీర్తనల గ్రంథం తీసుకుంటాడు. తన గదిలోకి వెళ్తాడు. జనం కూడుకునే వేళైతే గుడికి వెళ్తాడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, తీరిక ఉంటే మరికొన్ని వాక్యాలు, చిన్నపిల్లలు అప్పజెప్పినట్టు తనలో తాను చెప్పుకుంటాడు. అంత గొప్ప పండితుడు! చిన్నప్పుడు నేర్చుకున్న మాటల దగ్గరికే తిరిగి వెళ్ళాడు. మనకు ఇది ఎంత ధైర్యమిచ్చే మాటో చూడండి. ప్రార్థనకు కొత్త మాటలు వెతుక్కోనక్కర్లేదు.

ఆ తర్వాత స్నేహితుడికి ఒక హెచ్చరిక చేస్తాడు. పొద్దున మొదటి పని ప్రార్థన కావాలి, రాత్రి చివరి పని ప్రార్థన కావాలి అంటాడు. కాసేపాగి చేస్తాను, ముందు ఈ పని ముగించుకుంటాను అని లోపల ఒక ఆలోచన లేస్తుంది చూశారా, దాన్ని నమ్మవద్దంటాడు. ఎందుకంటే ఆ ఒక్క పని మరో పనికి తీసుకుపోతుంది. అది ఇంకో పనికి. సాయంత్రమయ్యేసరికి ఆ రోజు ప్రార్థన లేదు. దాదాపు ఐదు వందల ఏళ్ళ కిందట రాసిన మాట ఇది. మన ఇళ్ళలో నిన్న జరిగిన సంగతి కూడా ఇదే.

అయితే లూథర్ కఠినంగా మాట్లాడడు. అత్యవసరమైన పని వస్తే, అది ప్రార్థనంత మంచిదో, అంతకంటే మంచిదో అయి ఉండవచ్చునని కూడా రాశాడు. పక్కింటి ముసలాయనకు ఆయాసం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అప్పుడు మోకాళ్ళ మీద ఉన్నవాడు లేచి వెళ్ళాలి. అందులో పాపమేమీ లేదు. లూథర్ భయపడింది అలాంటి పనులకు కాదు. రోజూ వచ్చే చిన్న చిన్న వాయిదాలకు.

ఇంకొక్క మాట. పీటర్‌కు అర్థమయ్యేలా అతని పనిలోంచే ఒక పోలిక తెచ్చాడు. క్షౌరం చేసేవాడు చేతిలో కత్తి పట్టుకుని అటూ ఇటూ చూస్తూ, కబుర్లు చెబుతూ ఉంటే ఏమవుతుంది? ఎదుటి మనిషి ముక్కో గొంతో తెగుతుంది. చేసే పని ఏదైనా మనసు అక్కడ ఉండాలి. ప్రార్థన కూడా అంతే. అది ఎంత పొడుగుంది అన్నది లూథర్‌కు ముఖ్యం కాదు. మనసు అక్కడ ఉందా లేదా, అదే ముఖ్యం. కాబట్టి శ్రోతలారా, పది నిమిషాలేనా అని బాధపడకండి. ఆ పది నిమిషాలూ మనసు అక్కడ ఉంటే అది నిండు ప్రార్థనే.

ఇక సువార్తల వైపు చూద్దాం. మన ప్రభువు ఖాళీగా ఉన్న మనిషని ఎవరైనా అనుకుంటే, మార్కు సువార్త మొదటి అధ్యాయం చదవండి. అది కపెర్నహూములో ఒక విశ్రాంతిదినం. పొద్దున సమాజమందిరంలో బోధ. అక్కడే అపవిత్రాత్మ పట్టినవాడు కేకలు వేశాడు. అక్కడి నుంచి సీమోను ఇంటికి వెళ్తే, అత్తగారికి జ్వరం. ఆమెను లేపాడు. సూర్యాస్తమయమయ్యేసరికి ఊరు ఊరంతా ఆ ఇంటి వాకిట్లో పోగైంది. రోగుల్ని మోసుకొచ్చారు. ఆ రాత్రి ఆయన ఎప్పుడు పడుకున్నాడో మార్కు రాయలేదు. కానీ ఇంకా చీకటి ఉండగానే లేచి, ఊరి బయట జనం లేని చోటికి వెళ్ళి ప్రార్థించాడని మాత్రం రాశాడు.

తర్వాత ఏం జరిగింది? సీమోను, అతనితో ఉన్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. అందరూ నిన్నే వెతుకుతున్నారన్నారు. మనకు కూడా ఇదే కదా జరిగేది! కళ్ళు మూసుకున్నామో లేదో ఫోను మోగుతుంది. తలుపు కొడతారు. పిల్లవాడు ఏడుస్తాడు. అందరూ వెతుకుతున్నారు. అప్పుడు ప్రభువు ఏమన్నాడు? పదండి, పక్క ఊళ్ళకు వెళ్దాం, అక్కడ కూడా ప్రకటించాలి, అందుకే వచ్చాను అన్నాడు. కపెర్నహూములో ఇంకా రోగులు ఉండి ఉంటారు. అయినా ఆయన అప్పుడు అక్కడికి తిరిగి వెళ్ళలేదు. తన పని ఏదో, తనది కాని పని ఏదో ఆ చీకటిలో, ఆ ప్రార్థనలో తేలింది. పనులు ఎక్కువైన మనిషికి ప్రార్థన వల్ల కలిగే మొట్టమొదటి మేలు ఇదేనని నేను నమ్ముతాను. అన్ని పనులూ మనవి కావని తెలుస్తుంది.

అదే సువార్తలో ఆరో అధ్యాయం కూడా చూడండి. ఇది నాకు మరీ ఇష్టమైన భాగం. శిష్యులకు భోజనం చేయడానికి కూడా తీరిక లేనంత జనం. ఏకాంతంగా కొంచెంసేపు విశ్రమిద్దాం రండి అని ప్రభువు వాళ్ళను దోనెలో తీసుకెళ్ళాడు. దిగేసరికి ఏముంది? జనం కాలినడకన పరుగెత్తి, ముందే అక్కడికి వచ్చేసి ఉన్నారు. అనుకున్న ఏకాంతం పోయింది. ప్రభువు విసుక్కున్నాడా? లేదు. వాళ్ళను చూసి జాలిపడ్డాడు. బోధించాడు. ఐదు వేల మందికి రొట్టెలు పెట్టాడు. అంతా అయ్యాక శిష్యులను దోనె ఎక్కించి పంపాడు. జనాన్ని సాగనంపాడు. అప్పుడు ఒక్కడే కొండెక్కి ప్రార్థించాడు.

గమనించారా? పొద్దున పోయిన ఏకాంతాన్ని ఆయన వదిలేయలేదు. రాత్రికి మళ్ళీ వెతికి పట్టుకున్నాడు. పసిపిల్లల తల్లులు ఈ భాగాన్ని గుర్తుంచుకోవాలి. పొద్దున ఐదింటికి అనుకున్నారు. బిడ్డకు జ్వరం వచ్చింది. బిడ్డనే చూసుకోండి, జాలితో చూసుకోండి. ఆ రోజు ఇంకా అయిపోలేదు. రాత్రి ఉంది.

ఒక సమయం, ఒక చోటు అన్నాను కదా. అది బైబిలు ప్రజలకు బాగా తెలిసిన పద్ధతి. దానియేలు సంగతి మీకు తెలుసు. రాజ్యమంతటి మీద ముగ్గురు ప్రధానులుంటే, అందులో ఒకడు. ఆ ముగ్గురికీ నూట ఇరవై మంది అధిపతులు లెక్కలు అప్పజెప్పాలి. అంత పెద్ద ఉద్యోగి. ఆయనను పట్టించాలనుకున్న శత్రువులకు కష్టమేమీ కాలేదు. ఎందుకు? యెరూషలేము వైపు కిటికీలు తెరిచిన పైగది, రోజుకు మూడు సార్లు మోకాళ్ళు. ఆయన ఏ వేళలో ఎక్కడ ఉంటాడో అందరికీ తెలుసు. రాజుకు తప్ప ఇంకెవరికీ ప్రార్థించకూడదనే శాసనం మీద రాజు సంతకం చేశాడని తెలిశాక కూడా ఆయన అంతకుముందు చేస్తున్నట్టే చేశాడు. కొత్తగా ఏమీ చేయలేదు. సింహాల బోను ఎదురుగా ఉన్న రోజున ఆయనను నిలబెట్టింది అంతకుముందు ఏళ్ళ తరబడి సాగిన ఆ అలవాటే.

మరో ఇద్దరి సంగతి అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో ఉంది. కైసరయలో కొర్నేలీ అనే శతాధిపతి. రోమా సైన్యంలో అధికారి. పగలు మూడు గంటల వేళ ప్రార్థనలో ఉండగా దేవదూత కనిపించాడు. మర్నాడు యొప్పేలో పేతురు, మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ మిద్దె మీదికి ప్రార్థించడానికి వెళ్ళాడు. ఆకలిగా కూడా ఉంది. కింద వంట సిద్ధం చేస్తున్నారు. ఆ సమయంలోనే పరలోకం నుంచి దర్శనం. ఆ దర్శనం వల్లే పేతురు కొర్నేలీ గడప తొక్కాడు. యూదులు కాని జనాలకు సువార్త తలుపు తెరుచుకుంది. అంటే మీకూ, నాకూ, మన ఊళ్ళలోని సంఘాలకూ. ఒకడు ఉద్యోగంలో ఉన్న సైనికుడు, ఇంకొకడు అన్నం కోసం చూస్తున్న చేపలవాడు. ఇద్దరూ పట్టపగలు, ప్రార్థన వేళ తప్పకుండా ఉన్నారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

తొలి సంఘం ఈ అలవాటును వదల్లేదు. ఆ కాలపు దిదకే అనే చిన్న గ్రంథం, ప్రభువు నేర్పిన ప్రార్థన రోజుకు మూడు సార్లు చెప్పుకోమంటుంది. కతోలిక సోదరులు త్రికాల జపం చేస్తారు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గుడి గంట మోగితే చేతిలో పని ఆపి నిలబడతారు. ఎంత సేపు? కొద్ది నిమిషాలే. కానీ వేళ తప్పదు.

మన తెలుగు నేల మీదికి వద్దాం. దోర్నకల్ అధ్యక్ష మండలం పేరు వినే ఉంటారు. 1912లో వి. ఎస్. అజరయ్య గారు ఆ మండలానికి బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయులలో మొట్టమొదటి బిషప్పు ఆయనే. ఆయన సంఘ సభ్యుల్లో ఎక్కువ మంది మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఉండే వ్యవసాయ కూలీలు. పొద్దు పొడవకముందే ఆసాముల పొలాలకు వెళ్ళాలి. పొద్దు గూకాక రావాలి. చదువు లేదు. చేతిలో గడియారం లేదు. పగలు ఒక్క గడియ కూడా వాళ్ళది కాదు.

మరి వాళ్ళు ప్రార్థన ఎప్పుడు చేసుకున్నారు? సాయంత్రం. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పల్లెలోని ఉపదేశి దగ్గర చేరేవాళ్ళు. బుడ్డి దీపం వెలుగులో కీర్తన పాడేవాళ్ళు. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటితో నేర్చుకుని నోటితోనే చెప్పేవాళ్ళు. అక్షరం రాకపోయినా గుండెలో వాక్యం ఉండేది. పొలంలో నాట్లు వేస్తూ కూడా ఆ కీర్తనే పాడుకోగలిగేవాళ్ళు. మనలో ఎంతమంది తాతలు, అవ్వలు ఆ దీపం ముందు కూర్చుని విశ్వాసం నేర్చుకున్నారో! వాళ్ళకంటే మనకు తీరిక తక్కువ అని చెప్పడానికి నాకు నోరు రాదు. వాళ్ళకు ఉన్నదీ, మనం పోగొట్టుకున్నదీ తీరిక కాదు. ఊరంతా కలిసి నిలబెట్టుకున్న ఒక సమయం, ఒక చోటు.

ఇప్పుడు ఒక మాట కొంచెం గట్టిగా చెప్పాలి. ముఖ్యంగా ప్రసంగాలు చేసే వాళ్ళు వినాలి. ఫలానా భక్తుడు తెల్లవారుజామున మూడింటికి లేచాడు, గంటల తరబడి మోకాళ్ళ మీద ఉన్నాడు అని మనం చెబుతుంటాం. నిజమే, అలాంటి భక్తులున్నారు. వాళ్ళకు వందనాలు. కానీ ఆ మాట ఎవరి చెవిన పడుతోందో కూడా చూడాలి. నాలుగింటికి లేచి అందరికీ వండి, పది ఇళ్ళలో అంట్లు తోమి, రాత్రి పదకొండింటికి నడుం వాల్చే తల్లి ఆ మాట విని ఏమనుకుంటుంది? నేను భక్తురాలిని కాను అనుకుంటుంది. దేవుడికి నేనంటే కోపం అనుకుంటుంది. ఆ అపరాధ భావంతో ఉన్న కాస్త ప్రార్థన కూడా మానేస్తుంది. పని ఎక్కువై ప్రార్థన మానేసిన వాళ్ళకంటే, సిగ్గుపడి మానేసిన వాళ్ళే మనలో ఎక్కువేమోనని నా భయం.

ఆ తల్లికి ఏలీయా కథ చెప్పండి. ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయాడు. బదరీవృక్షం కింద పడిపోయాడు. ఇక చాలు, చనిపోతాను అన్నాడు. దేవుడు ఆయనను లేపి ప్రార్థన చేయమనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు చూపించాడు. తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుడితో మాటలు ఆ తర్వాత. ముందు నిద్ర, అన్నం. అలిసిపోయిన మనిషిని దేవుడు చూసుకున్న తీరు ఇది. నిద్ర కూడా ఆయన ఇచ్చినదే. నిద్ర చంపుకుని ప్రార్థించమని అలసిన వాళ్ళకు చెప్పకండి.

మరి ఆ తల్లికి సమయం ఎవరిస్తారు? ఇంట్లో వాళ్ళు ఇవ్వాలి. అన్నలారా, తమ్ముళ్ళారా, మీతోనే మాట్లాడుతున్నాను. మీ ఇంటి ఆవిడ రోజుకు పావుగంట తలుపు వేసుకుని కూర్చోవడానికి మీరు కాపలా ఉండగలరా? ఆ పావుగంట పిల్లల్ని మీరు చూసుకోండి. పాలు పొంగకుండా మీరు చూడండి. ఎవరైనా వస్తే మీరు మాట్లాడండి. తర్వాత ఆమె మీకు అదే సాయం చేస్తుంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని ప్రభువు చెప్పాడు. రెండు గదుల ఇంట్లో ఐదుగురున్న చోట ఆ తలుపు దానంతట అది పడదు. ఎవరో ఒకరు బయట నిలబడితేనే పడుతుంది. ఒకరి ప్రార్థన సమయానికి మరొకరు కాపలా కాయడం కూడా సేవే.

డ్యూటీలు మారిపోయే వాళ్ళున్నారు. ఆస్పత్రుల్లో నర్సులు, సెక్యూరిటీ పనివాళ్ళు, అమెరికా వేళలకు పనిచేసే కంప్యూటరు ఉద్యోగులు. వీళ్ళకు తెల్లవారుజాము ప్రార్థన అంటే అర్థం లేదు, అది వాళ్ళు పడుకునే వేళ. అయితే గడియారం వదిలేయండి. రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి ప్రార్థనను కట్టేయండి. డ్యూటీ బట్టలు వేసుకున్నాక ఐదు నిమిషాలు. బండి స్టాండు తీసే ముందు రెండు నిమిషాలు. ఏ షిఫ్టు అయినా ఆ పని జరుగుతుంది, ప్రార్థన కూడా జరుగుతుంది.

కువైట్‌లో ఇళ్ళలో పనిచేసే మన అక్కచెల్లెళ్ళు కూడా గుర్తుకొస్తున్నారు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో వెళ్ళారు. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం. తెలుగు ఆరాధనలు కూడా ఆ రోజే జరుగుతాయి. కానీ గుడికి వెళ్ళే వీలు అందరికీ ఉండదు. కొందరికి నెలల తరబడి ఆ ఇంటి గడప దాటడమే ఉండదు. పరాయి ఇల్లు, పరాయి భాష. తనదంటూ ఉన్నది పడుకునే చోటొక్కటే. ఆ చోటే ఆమె మందిరం. ఇక్కడ ఆమె పిల్లల్ని పెంచుతున్న అవ్వలారా, ఒక పని చేయండి. రెండు దేశాల వేళలూ చూసుకుని ఇద్దరికీ కుదిరే ఒక సమయం మాట్లాడుకోండి. ఫోను చేయనక్కర్లేదు. ఆ సమయంలో ఆమె అక్కడ, పిల్లలు ఇక్కడ, ఒకే పరలోక ప్రార్థన. ఆ వేళకు అమ్మ కూడా ప్రార్థిస్తోందని పిల్లలకు తెలుసు. అంతకంటే గొప్ప కుటుంబ ప్రార్థన నాకు తెలియదు.

ఫోను మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పొద్దున్నే వాట్సాప్‌లో వాగ్దాన వాక్యాలు వస్తాయి. మంచివే. చదివి, నలుగురికి పంపుతాం. ఫోనులో కాన్ఫరెన్సు ప్రార్థనలు కూడా జరుగుతున్నాయి. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళకు అవి పెద్ద ఆదరణ. వాటిని మానమని చెప్పను. కానీ పంపడం వేరు, ప్రార్థించడం వేరు. ఆ వాక్యాన్ని పంపే ముందు ఒక్క నిమిషం దేవుడితో దాని గురించి మాట్లాడండి. ఆ తర్వాత పంపండి. ఇక మీరు ఏకాంతంగా కూర్చునే సమయంలో మాత్రం ఫోనును పక్క గదిలో పెట్టండి. కాగితం బైబిలు తీసుకోండి. ఫోనులో బైబిలు తెరిస్తే పైనుంచి ఏదో ఒక కబురు జారుతూనే ఉంటుంది.

పని చేస్తూనే ప్రార్థించవచ్చు కదా, ప్రత్యేకంగా సమయమెందుకు అని కొందరు అడుగుతారు. పారిస్‌లో పదిహేడో శతాబ్దంలో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి ఉండేవాడు. మఠంలో వంటవాడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిలో ఉన్నానని చెప్పేవాడు. ఆయన పేరు చెప్పి ప్రత్యేక సమయం అక్కర్లేదనే వాళ్ళున్నారు. కానీ ఆయన ఉన్నది ప్రార్థన గంట మోగే మఠంలో. ఆ గంటకు అందరితో కలిసి ప్రార్థించిన మనిషే ఆయన. పైగా ఆ అలవాటు కుదిరే ముందు చాలా ఏళ్ళు లోపల నలిగిపోయాడు. నెహెమ్యా సంగతి కూడా అంతే. రాజుకు గిన్నె అందించేవాడు. నీకేం కావాలని రాజు అడిగినప్పుడు, జవాబు చెప్పే లోపు ఆ ఒక్క క్షణంలో పరలోక దేవునికి ప్రార్థించాడు. ఎంత చిన్న ప్రార్థన! కానీ దాని వెనక రోజుల తరబడి ఉపవాసం, కన్నీరు ఉన్నాయి. ఏకాంతంలో దేవుడితో మాట్లాడే మనిషికి రాజు ముందు కూడా ఆ మాట వస్తుంది.

సరే, కూర్చున్నాం. మాటలు రావు. మనసు పచారీ సామాన్ల మీదికి పోతుంది. ఏం చేయాలి? లూథర్ చెప్పినట్టే, తెలిసిన మాటలతో మొదలుపెట్టండి. పరలోక ప్రార్థనలో ఒక్క విన్నపం తీసుకోండి. మా అనుదినాహారం నేడు మాకు దయచేయమని అడుగుతాం కదా. అక్కడ ఆగండి. ఈ రోజు మీ ఇంట్లో బియ్యం ఉన్నాయా? ఉంటే కృతజ్ఞత చెప్పండి. లేవా? అడగండి. పక్కింట్లో లేవా? వాళ్ళ కోసం అడగండి. ఆ సామాన్ల ఆలోచనే ప్రార్థనైపోతుంది. ఒక్క విన్నపం దగ్గరే సమయమంతా గడిచిపోతే పోనీయండి. మిగతావి రేపు.

ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగిపోయిందా? చిన్నగా మొదలుపెట్టండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి పిల్లలకు వచ్చిన ఒక చరణం. కీర్తనల గ్రంథంలో నాలుగైదు వచనాలు. ఒక్కొక్కరు ఒక్కో మాట. చివర అందరూ కలిసి పరలోక ప్రార్థన. పిల్లలు నిద్రకు తూగే దాకా సాగదీయకండి. అన్నాలకు ముందే కానిచ్చేయండి.

చివరిగా, తప్పిపోయిన రోజు సంగతి. తప్పిపోతుంది. పెళ్ళిళ్ళుంటాయి, ప్రయాణాలుంటాయి, జ్వరాలుంటాయి. రెండు రోజులు పోతాయి, వారం పోతుంది. అప్పుడు పోయిన రోజులన్నీ కలిపి ఒక్కసారే గంటసేపు కూర్చోవాలని అనుకోకండి. ఆ గంట దొరకదు, దొరకలేదని ఇంకో వారం పోతుంది. మీరు అనుకున్న సమయానికి, మీరు అనుకున్న చోటికి, మామూలుగా వచ్చి కూర్చోండి. "తండ్రీ, వచ్చాను" అనండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.